కేబుల్ లాగడం నుంచి గ్రౌట్ పోయడం దాకా: గర్డర్‌కు పోస్ట్ టెన్షనింగ్ ఎలా చేయాలి

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం చుట్టుపక్కల తెలుగు పిల్లలు చాలామంది డిప్లొమా చేతికి రాగానే వంతెనల పనిలో చేరుతున్నారు. రాయ్‌పూర్ నుంచి విశాఖపట్నం వెళ్ళే ఆరు వరుసల రహదారి కూడా నబరంగ్‌పూర్, కోరాపుట్ జిల్లాల మీదుగానే వస్తోంది. చేరిన మొదటి నెలలోనే ఎవరో ఒక రిజిస్టరు చేతిలో పెట్టి "జాక్ దగ్గర నిలబడి రీడింగులు రాయి" అంటారు. జాక్ అంటే నూనె ఒత్తిడితో కేబుల్‌ను లాగే యంత్రం. ఏం రాయాలో చెబుతారు, ఎందుకు రాయాలో చెప్పే తీరిక మాత్రం ఎవరికీ ఉండదు. వంశధార ఒడ్డున గర్డర్లు పోతపోసే ఒక కాస్టింగ్ యార్డులో నేనూ అలాగే మొదలుపెట్టాను. అప్పుడు ఎవరైనా దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పి ఉంటే బాగుండేదనిపించిన విషయాలే ఇక్కడ రాస్తున్నాను.

కాంక్రీటు గట్టిపడ్డాక అందులోని ఉక్కు కేబుల్‌ను లాగి బిగించి ఉంచడమే పోస్ట్ టెన్షనింగ్. ఆ తర్వాత కేబుల్ చుట్టూ నింపే సిమెంటు, నీళ్ళ మిశ్రమమే గ్రౌట్. లెక్కలకు వీలుగా 30 మీటర్ల గర్డర్‌ను (వంతెనను మోసే కాంక్రీటు దూలం), అందులో 12 స్ట్రాండ్లు (పేనిన ఉక్కు తాళ్ళు) ఉన్న ఒక కేబుల్‌ను తీసుకుంటాను. మీ సైట్‌లో అంకెలు వేరుగా ఉంటాయి. డ్రాయింగ్‌లో ఉన్నదే చేయాలి, ఇక్కడి అంకెలు అర్థం కావడానికే.

అసలు ఎందుకు లాగుతాం

కాంక్రీటును ఎంత నొక్కినా ఓర్చుకుంటుంది. లాగితే మాత్రం అందులో పదోవంతు బలానికే పగులుతుంది. దూలం మీద బరువు పడితే పైభాగం నొక్కుకుపోయి కిందిభాగం సాగుతుంది కాబట్టి పగులు కింద మొదలవుతుంది. మామూలు ఆర్‌సీసీలో కడ్డీలు ఆ పగులు పెరగకుండా పట్టి ఉంచుతాయి, అసలు రాకుండా ఆపలేవు.

మన ఊళ్ళలో బండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించడం పెద్దవాళ్ళు చూసే ఉంటారు. పట్టాను ఎర్రగా కాల్చి, వేడి మీద చక్రానికి తొడిగి నీళ్ళు పోస్తారు. చల్లారుతూ పట్టా ముడుచుకుని, చెక్క ముక్కలన్నిటినీ ఒకదానికొకటి బిగించి నొక్కేస్తుంది. బండి ఎంత కుదుపుకు గురైనా ఆ ముక్కలు విడిపోవు, ఎందుకంటే ముందే నొక్కి ఉంచాం. గర్డర్‌లో కేబుల్ చేసేదీ ఇదే. లారీ ఎక్కకముందే కాంక్రీటు కిందిభాగాన్ని గట్టిగా నొక్కి ఉంచితే, లారీ ఎక్కినప్పుడు ఆ నొక్కుడు కొంత తగ్గుతుందే తప్ప కాంక్రీటు సాగేదాకా రాదు.

ఇందుకు మామూలు ఇనుము పనికిరాదు. కారణం తెలిస్తే మిగతా పనంతా అర్థమవుతుంది. కాంక్రీటు ఆరుతూ కుంచించుకుపోతుంది, నొక్కుడు కింద ఏళ్ళ తరబడి మెల్లగా నలుగుతుంది. రెండూ కలిపి మీటరుకు ఒక మిల్లీమీటరు దరిదాపుల్లో పొట్టిదవుతుందనుకోండి. మామూలు కడ్డీని లాగితే మీటరుకు సాగేదే ఒక మిల్లీమీటరు లోపు. కాంక్రీటు పొట్టిదయ్యేసరికి ఆ బిగువంతా పోతుంది. మనం వాడే హైటెన్షన్ స్ట్రాండ్ మీటరుకు 7 మిల్లీమీటర్ల దాకా సాగుతుంది. అందులో ఒకటి పోయినా ఆరు మిగులుతాయి. ఫ్రాన్స్‌కు చెందిన యూజీన్ ఫ్రెసినే దీన్ని గట్టిగా పట్టుకుని 1928లో పేటెంట్ తీసుకున్నాడు. అప్పటినుంచే ఈ పద్ధతి నిలబడింది.

కేబుల్ దారి వేయడం

కడ్డీల పంజరం కట్టేటప్పుడే షీథింగ్ పైపు వేస్తారు. కేబుల్ పోయేది ఈ గొట్టంలోనే. ఇప్పుడు ఎక్కువగా ముడతలు ముడతలుగా ఉండే హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపు వస్తోంది. చివర్లలో పైన ఉండి మధ్యలో కిందికి దిగే ఊయల తాడులాంటి వంపు దీనికి ఉంటుంది. డ్రాయింగ్‌లో ప్రతి మీటరుకూ అడుగు నుంచి ఎత్తు ఇస్తారు. ఆ ఎత్తు ప్రకారం అడ్డకడ్డీలు కట్టి, వాటి మీద పైపు పెట్టి, పైనుంచి కూడా బిగించాలి. ఈ పైనుంచి బిగించడమే చాలామంది మర్చిపోతారు. ఖాళీ పైపు పచ్చి కాంక్రీటులో తేలుతుంది. మధ్యలో రెండు సెంటీమీటర్లు పైకి లేచినా గర్డర్ మోసే శక్తి తగ్గిపోతుంది, అది బయటికి కనిపించదు కూడా. తేడా 5 మిల్లీమీటర్లు దాటకుండా టేపు పెట్టి ప్రతి మీటరునూ మీరే స్వయంగా కొలవండి.

పైపు అతుకుల దగ్గర టేపు సరిగ్గా చుట్టకపోతే సిమెంటు పాలు లోపలికి పోయి గట్టిపడతాయి. తర్వాత స్ట్రాండ్ దూరదు, దూరినా లాగినప్పుడు రాసుకుంటుంది. కాంక్రీటు పోసేటప్పుడు వైబ్రేటర్ సూది పైపుకు తగలకుండా ఒక మనిషిని పెట్టండి. పోసిన కొన్ని గంటల్లోనే పైపులోకి గాలి కొట్టి దారి ఖాళీగా ఉందో లేదో చూసుకోవాలి. మర్నాటికి వాయిదా వేస్తే గట్టిపడిన సిమెంటును ఏమీ చేయలేం.

రెండు చివర్లలో యాంకర్ (కేబుల్ కొసను గర్డర్‌కు పట్టి ఉంచే బిగింపు) వెనకాల స్ప్రింగులాంటి చుట్టు కడ్డీ, దాని చుట్టూ దట్టంగా వలలా కడ్డీలు ఉంటాయి. కంకర లోపలికి దిగడానికి అక్కడ చోటే ఉండదు. అయినా గర్డర్ మొత్తంలో ఎక్కువ ఒత్తిడి పడేది అక్కడే. అక్కడ తేనెపట్టులా గుల్ల మిగిలితే లాగిన రోజు యాంకర్ ప్లేటు లోపలికి కుంగిపోతుంది. చివరి మీటరులో సన్నకంకర వాడటానికి డిజైన్ ఇంజనీరు ఒప్పుకుంటే అదే మంచిది.

స్ట్రాండ్ సంగతి

ఏడు తీగలు పేనిన తాడులాంటిది స్ట్రాండ్. భారతీయ ప్రమాణం ఐఎస్ 14268 ప్రకారం వచ్చే 15.2 మిల్లీమీటర్ల స్ట్రాండ్ అడ్డకోత 140 చదరపు మిల్లీమీటర్లు, తెగే బలం 260.7 కిలోన్యూటన్లు. చుట్టతోపాటు టెస్ట్ సర్టిఫికెట్ వస్తుంది. దాన్ని ఫైల్లో పెట్టేసి ఊరుకోకండి. అందులోని అసలు అడ్డకోత, ఇలాస్టిక్ మాడ్యులస్ (లాగితే తీగ ఎంత సాగుతుందో తేల్చే అంకె) తర్వాత లెక్కలో కావాలి.

బరంపురం, ఛత్రపురం, గోపాల్‌పూర్ వైపు సముద్రపు గాలి వస్తుంది. అక్కడ చుట్టలను నేల మీద ఉంచితే నెల తిరిగేలోపే తుప్పు పడుతుంది. చెక్క దుంగల మీద పెట్టి, టార్పాలిన్ కింద గాలి ఆడేలా ఉంచాలి. పైపైన ఎర్రటి పొడిలాంటిది ఉండి గుడ్డతో తుడిస్తే పోతే పరవాలేదు. తుడిచాక గోరు పెట్టి చూస్తే గుంటలు తగులుతుంటే ఆ స్ట్రాండ్ వద్దు. తెగే బలంలో ముప్పాతిక వంతు దాకా లాగే తీగకు చిన్న గుంట కూడా పెద్ద గాయమే.

స్ట్రాండ్ దగ్గర వెల్డింగ్ చేయకూడదు. ఒక్క నిప్పురవ్వ పడినా ఆ చోట తీగ గుణం మారిపోతుంది. కోయడానికి గ్యాస్ వాడకూడదు, కటింగ్ చక్రమే వాడాలి. చుట్టను విప్పేటప్పుడు ఇనుప చట్రంలో పెట్టి లోపలి కొస నుంచి లాగాలి. చట్రం లేకుండా కట్లు తెంపితే అది పాములా విసురుకొచ్చి మనుషుల కాళ్ళు విరుగుతాయి.

జాక్ ఎక్కించే ముందు కాగితం మీద

ఈ లెక్కను మీరు సొంతంగా చేసుకోండి. ఎవరో ఇచ్చిన షీటు మీద నమ్మకంతో ఉండొద్దు.

ఐఎస్ 1343 ప్రకారం యాంకర్ దగ్గర తెగే బలంలో 76 శాతం దాటకూడదు. మనం 75 శాతం తీసుకుందాం. 260.7లో 75 శాతం అంటే ఒక్కో స్ట్రాండ్‌కు 195.5 కిలోన్యూటన్లు, దాదాపు 20 టన్నులు. 12 స్ట్రాండ్లకు 2,346 కిలోన్యూటన్లు, దాదాపు 240 టన్నులు. ఒక్క కేబుల్ ఇంత బరువు లాగుతుందన్నది మనసులో ఉండాలి.

జాక్ ర్యామ్ (నూనె తోసే పిస్టన్) వైశాల్యం 500 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, ఆ బలానికి దాదాపు 470 బార్ (ఒత్తిడి కొలత) కావాలి. జాక్ లోపలి రాపిడికి కొంత పోతుంది. ఎంత పోతుందో కాలిబ్రేషన్ చార్టు (గేజీ అంకెకు అసలు బలం ఎంతో పరీక్షించి రాసిన పట్టిక) చెబుతుంది, ఆ మేరకు ఒత్తిడి చూపే గేజీ మీద ఎక్కువ చూపించాలి. లెక్క సులువుగా ఉండటానికి ఇక్కడ 470 దగ్గరే ఆగుతాను.

ఇప్పుడు సాగుదల. వంపుల దగ్గర పైపు గోడకు రాసుకోవడం వల్ల బలం లోపలికి వెళ్ళేకొద్దీ తగ్గుతుంది. హెచ్‌డీపీఈ పైపుకు రాపిడి గుణకం 0.17, మీటరుకు ఊగిసలాట గుణకం (పైపు దారిలో చిన్న చిన్న వంకరల వల్ల పోయేది) 0.002గా తీసుకుంటారు. రెండువైపుల నుంచీ లాగితే మన గర్డర్‌లో సగటు బలం స్ట్రాండ్‌కు 190 కిలోన్యూటన్ల దగ్గర ఉంటుంది. దాన్ని పొడవుతో గుణించి, అడ్డకోత, మాడ్యులస్‌ల లబ్ధంతో భాగించాలి. మాడ్యులస్ 195 గిగాపాస్కల్ తీసుకుంటే సాగుదల 209 మిల్లీమీటర్లు, అంటే ఒక్కో వైపు దాదాపు 104. ఈ రెండు అంకెలూ రిజిస్టరు మొదటి పేజీలో పెద్దగా రాసుకోండి: 470 బార్, 209 మిల్లీమీటర్లు. ఒకటి బలాన్ని జాక్ వైపు నుంచి చెబుతుంది, ఇంకోటి స్ట్రాండ్ వైపు నుంచి చెబుతుంది. రెండూ ఒప్పుకుంటేనే కేబుల్‌లో ఆ బలం ఉన్నట్టు.

లాగే రోజు

ముందు క్యూబు ఫలితం (అదే కాంక్రీటుతో పోసిన దిమ్మెలను నొక్కి చూసిన బలం) చూడాలి. డ్రాయింగ్‌లో ఎన్ని రోజులు, ఎంత బలం అని రెండూ రాసి ఉంటే రెండూ కావాలి. ఏడు రోజులు అయిపోయాయి కదా అని బలం రాకుండా లాగకూడదు. డిసెంబరు, జనవరి నెలల్లో పొట్టంగి, సెమిలిగుడ వైపు చలికి కాంక్రీటు ఆలస్యంగా గట్టిపడుతుంది. అక్కడ ఈ సంగతి మరీ ముఖ్యం.

బెడ్ (గర్డర్‌ను పోతపోసిన అరుగు) చూడండి. కేబుల్ లాగగానే గర్డర్ మధ్యలో పైకి వంగుతుంది. అప్పటిదాకా బెడ్ అంతటా పరుచుకున్న బరువు మొత్తం రెండు చివర్లకు చేరుతుంది. వానాకాలంలో నల్లరేగడి మీద వేసిన బెడ్ చివర్లు కుంగితే గర్డర్ ఒరుగుతుంది. పక్క అచ్చులు విప్పి, గర్డర్ పైకి లేవడానికి, పొట్టిదవడానికి అడ్డేమీ లేకుండా చూడాలి.

వెడ్జ్‌లు (యాంకర్‌లో ఒక్కో స్ట్రాండ్‌ను పట్టుకునే ఉక్కు చీలలు), అవి కూర్చునే రంధ్రాలు గుడ్డతో తుడవాలి. ఇసుక రేణువు ఉన్నా పట్టు జారుతుంది. జాక్ వెనక వరుసలో ఎవరూ నిలబడకూడదు. రెండు చివర్లలో జాక్ వెనకాల మందపాటి చెక్కలు లేదా ఇసుక బస్తాల అడ్డు పెట్టాలి. 20 టన్నుల బిగువులో ఉన్న వెడ్జ్ ఊడితే అది తుపాకీ గుండే. రీడింగు తీసేవాడు పక్కనుంచి తీయాలి. ఈ విషయంలో మొహమాటం పనికిరాదు. పెద్ద ఇంజనీరు వచ్చి వెనక నిలబడినా "సార్, ఇటు రండి" అని చెప్పాల్సింది మీరే.

ఇంకో మాట మన ప్రాంతానికి ప్రత్యేకం. ఒకే గర్డర్ దగ్గర శ్రీకాకుళం కుర్రాళ్ళు, ఒడియా వాళ్ళు, బెంగాలీ వాళ్ళు, హిందీ మాట్లాడే ఆపరేటరు ఉంటారు. రెండు చివర్ల మధ్య 30 మీటర్ల దూరం, పంపు చప్పుడు. ఒకరు లాగమంటే ఇంకొకరికి ఆగమన్నట్టు వినిపిస్తుంది. మా యార్డులో మాటలు మానేసి ఈల పెట్టుకున్నాం. ఒక ఈలకు తర్వాతి మెట్టుకు వెళ్ళాలి, రెండు ఈలలకు ఉన్నచోట ఆగాలి. ఆ తర్వాత రెండు వైపులా ఒకే వేగంతో లాగడం తేలికైంది.

మొదట 100 బార్ దాకా లాగి ఆపి, స్ట్రాండ్ మీద గుర్తు పెట్టండి. అప్పటిదాకా వచ్చిన కదలికలో వదులు సర్దుకోవడం కూడా ఉంటుంది, దాన్ని నమ్మకూడదు. అక్కడి నుంచి 200, 300, 400, 470. ప్రతి మెట్టులో రెండు వైపులా కొలత రాయాలి. ఒక వైపు 100 బార్ మెట్టు నుంచి వరసగా, మొదటి నుంచి కదిలిన మిల్లీమీటర్లు ఇలా వచ్చాయనుకోండి: 31, 53, 75, 98, చివర 113. వంద నుంచి నాలుగొందల మధ్య 67 మిల్లీమీటర్లు పెరిగింది, అంటే వందకు దాదాపు 22. మొదటి వందలో నిజంగా సాగింది కూడా 22 అయ్యుండాలి. కానీ 31 కనిపించింది. తేడా 9 వదులే. 113లోంచి 9 తీసేస్తే 104. లెక్కతో సరిపోయింది.

తర్వాత జాక్ వదులుతున్నప్పుడు వెడ్జ్‌లు లోపలికి కూర్చుంటూ స్ట్రాండ్ కొన్ని మిల్లీమీటర్లు వెనక్కి జారుతుంది. సాధారణంగా 6 దాకా లెక్కలో వేసుకుంటారు. గుర్తు మీద కొలిచి అది కూడా రాయాలి. ఏ కేబుల్ తర్వాత ఏది లాగాలో డ్రాయింగ్‌లోని వరుస తప్పకూడదు. ఒకే పక్కన రెండు కేబుళ్ళు వరసగా లాగితే గర్డర్ అటు విల్లులా వంగుతుంది.

రెండు అంకెలు కలవకపోతే

సాధారణంగా 5 శాతం తేడా దాకా ఒప్పుకుంటారు. మన లెక్కలో 199 నుంచి 219 మధ్య. తక్కువ వస్తే, సాగుదల వచ్చేదాకా ఇంకా లాగుదాం అనే మాట ఎవరో ఒకరు అంటారు. 76 శాతం హద్దు దాటించకూడదు. తక్కువ వచ్చిందంటే పైపులో రాపిడి ఎక్కువుండాలి, లేదా లోపల సిమెంటు పట్టి ఉండాలి, లేదా గేజీ అబద్ధం చెబుతుండాలి. ఎక్కువ వస్తే వెడ్జ్ జారుతోందో, తీగ తెగిందో, సర్టిఫికెట్‌లోని అడ్డకోతకు బదులు పుస్తకంలోది వేశామో చూడాలి.

నేను పనిచేసిన ఒకచోట 209 రావాల్సింది 192 వచ్చింది. 8 శాతం తక్కువ. రాత్రి ఎనిమిదైంది, ఇంకా రెండు కేబుళ్ళు మిగిలాయి. నాకన్నా పెద్దాయన ఒకరు, "201 అని రాసేయ్, లోపల ఎవడు చూస్తాడు" అన్నారు. నేను 192 అనే రాశాను. ఆయనతో మాటలు నిలిచిపోయాయి, ఆ వారమంతా భోజనం వేరుగా తిన్నాను. మూడో రోజు తెలిసింది: అంతకుముందు గేజీ పగిలితే స్టోరు నుంచి ఇంకో గేజీ తెచ్చి బిగించారు, కాలిబ్రేషన్ చార్టు మాత్రం పాత గేజీది. కొత్త గేజీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తోంది. అదే గేజీతో ముందు లాగిన గర్డర్లను కూడా మళ్ళీ చూడాల్సి వచ్చింది. 201 అని రాసి ఉంటే అవన్నీ తక్కువ బలంతో రోడ్డెక్కేవి. జాక్, పంపు, గేజీ మూడూ కలిపి ఒక సెట్టుగా కాలిబ్రేట్ చేస్తారు. అందులో ఏది మార్చినా పాత చార్టు చెల్లదు.

గ్రౌటింగ్

లాగే రోజు అందరూ ఉంటారు, ఫొటోలు తీస్తారు. గ్రౌట్ రోజు ఇద్దరు కూలీలు, ఒక పంపు మిగులుతారు. నా అనుభవంలో గర్డర్ ఆయుష్షు తేలేది ఈ రోజే. గోవాలో మాండవి నది మీది పాత వంతెన 1986 జులై 5న కూలింది. కేబుళ్ళు తుప్పు పట్టడమే కారణం. వేల్స్‌లో యనిస్-ఎ-గ్వాస్ అనే చిన్న వంతెన 1985 డిసెంబరులో ఏ బరువూ లేకుండానే కూలిపోయింది, అదీ తుప్పు వల్లే. మామూలు ఆర్‌సీసీలో కడ్డీ తుప్పు పడితే కాంక్రీటు ఉబ్బి, పెచ్చులూడి హెచ్చరిస్తుంది. గొట్టంలోని స్ట్రాండ్ తుప్పు పడితే బయట ఒక్క మరక కూడా రాకపోవచ్చు.

లాగిన తర్వాత వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితుల్లోనూ రెండు వారాలు దాటకుండా గ్రౌట్ చేయాలి. గంజాం తీరం వైపు, జూన్ నుంచి సెప్టెంబరు దాకా, రెండు వారాలు కూడా ఎక్కువే. మూడు నాలుగు రోజుల్లో ముగించండి.

తాజా సిమెంటు తీసుకుని గడ్డలు లేకుండా జల్లించండి. తాగడానికి పనికొచ్చే నీళ్ళే వాడాలి. తీరం దగ్గర బోరు నీటిలో ఉప్పు ఉంటుంది, అది స్ట్రాండ్‌కు విషం. 50 కిలోల బస్తాకు 20 లీటర్ల దగ్గర మొదలుపెట్టండి, 22.5 దాటకూడదు. పంపు సులువుగా నడవాలని కూలీలు ఒక మగ్గు ఎక్కువ పోస్తారు. ఆ మగ్గు నీళ్ళే తర్వాత తేరుకుని పైకి చేరి ఖాళీలవుతాయి. కొలత డబ్బా మీద గీత గీసి మీరే పోయండి. చేత్తో కాదు, యంత్రంతో కలపాలి. కలిపింది అరగంటలో వాడేయాలి. ఏప్రిల్, మే నెలల్లో రాయగడ ఎండల్లో తెల్లవారుజామునే, నీళ్ళలో ఐసు వేసి పని ముగించాలి.

ముందు నీళ్ళతో పైపు కడిగి, గాలి కొట్టి నీళ్ళన్నీ వెళ్ళగొట్టండి. ఒక చివరి నుంచి మెల్లగా పంపు చేయాలి. అవతలి గొట్టం నుంచి మొదట నీళ్ళు, తర్వాత పల్చటి పాలు వస్తాయి. అది చూసి మూసేయొద్దు. లోపలికి పోయేదెంత చిక్కగా ఉందో బయటికొచ్చేదీ అంత చిక్కగా వచ్చేదాకా వదలాలి. అప్పుడు మూసి, చదరపు సెంటీమీటరుకు 5 కిలోల ఒత్తిడి వద్ద కనీసం నిమిషం పట్టి ఉంచి, ఇవతల కూడా మూయాలి. మధ్యలో పంపు ఆగిపోయి పది నిమిషాల్లో బాగుకాదనిపిస్తే, గ్రౌట్ గట్టిపడకముందే నీళ్ళతో మొత్తం కడిగేసి మళ్ళీ మొదలుపెట్టాలి.

నిండిందో లేదో తెలుసుకోవడానికి నేను బస్తాలు లెక్కపెడతాను. లోపలి వ్యాసం 85 మిల్లీమీటర్లున్న పైపులో స్ట్రాండ్లు పోగా మిగిలే చోటు 30 మీటర్లకు దాదాపు 120 లీటర్లు. ఒక బస్తా సిమెంటు, 20 లీటర్ల నీళ్ళు కలిస్తే దాదాపు 36 లీటర్ల గ్రౌట్. అంటే మూడు బస్తాలకు పైగానే పట్టాలి. రెండు బస్తాలకే నిండిపోయిందన్నారంటే అది నిండలేదు. ఎక్కడో దారి మూసుకుంది.

గర్డర్‌లో కేబుల్ మధ్యలో కిందికి, చివర్లలో పైకి ఉంటుంది కదా. గ్రౌట్‌లోంచి తేరిన నీళ్ళు, గాలి స్ట్రాండ్ల పేట్ల వెంట పాకి పైకే చేరతాయి, అంటే యాంకర్ వెనకాలకే. జాయింటు నుంచి వాన నీళ్ళు కారేది కూడా ఆ చివర్ల మీదే. అందుకే మర్నాడు పొద్దున్నే రెండు చివర్ల గొట్టాలు తెరిచి, సన్నటి తీగ గుచ్చి చూడండి. తీగ దిగితే లోపల ఖాళీ ఉన్నట్టు. అప్పటికప్పుడు అక్కడ మళ్ళీ గ్రౌట్ నింపాలి.

పోసినప్పటి నుంచి కనీసం 24 గంటలు గర్డర్‌ను కదపకూడదు, పక్కన వైబ్రేటర్ నడపకూడదు. తర్వాత మిగిలిన స్ట్రాండ్ కొసలను చక్రంతో కోసి, యాంకర్ గుంతను గరుకు చేసి, తడిపి, కుంచించుకుపోని మోర్టార్‌తో లేదా కాంక్రీటుతో నింపి, పైన ఎపాక్సీ పూత వేయాలి. రిజిస్టరులో గర్డర్ నంబరు, కేబుల్ నంబరు, గేజీ నంబరు, రెండు వైపుల సాగుదల, లాగిన తేదీ, గ్రౌట్ తేదీ, పట్టిన బస్తాలు రాసి, ఆ పేజీని ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. క్రేన్ వాళ్ళు గర్డర్ ఎత్తడానికి వచ్చినప్పుడు ముందు ఆ పేజీ చూపించి, తర్వాతే గొలుసు వేయనివ్వండి.